గంట కింద పడిన రోజు నుంచి: చర్చి మరమ్మతు డైరీ

1వ రోజు

రాత్రంతా గాలి. తెల్లారి వెళ్లేసరికి చర్చి పడమటి ముఖం సగం లేదు. గంటను మోసే ముక్కోణపు గోడ పైభాగం లోపలికి విరిగిపడి, పైకప్పులో మూడో వంతును తనతో లాక్కుపోయింది. పైకప్పును మోసే చెక్క చట్రాల్లో, అంటే ట్రస్సుల్లో, రెండు విరిగాయి. మూడోది ఒక కొన మీద వేలాడుతోంది. వెనక వరస బెంచీల మీద నడుమెత్తున రాళ్లు, పెంకులు, వాటి మీద నేరుగా వాన. గంట ఎక్కడుందో కనిపించలేదు. ఆ సమయంలో లోపల ఎవరూ లేరు, అంతవరకు నయం.

పది గంటలకల్లా ఊరంతా చేరింది. ఎవరో అప్పటికే ప్రొక్లెయిన్‌కి ఫోన్ చేసేశారు. "ఒక్క పూటలో శుభ్రం చేసేద్దాం" అంటున్నారు. నేను గేటుకి అడ్డం నిలబడ్డాను. ఈ మొత్తం పనిలో నేను తిరిగి ఆలోచించుకోవాల్సిన అవసరం లేని నిర్ణయం బహుశా అదొక్కటే. పడిన రాళ్లు పడినట్టే ఉంటే గోడ ముందు ఎక్కడ తెగిందో అవే చెబుతాయి. యంత్రంతో ఎత్తి కుప్ప పోస్తే అది ఉత్త రాళ్ల గుట్ట.

పారిస్‌లో నోత్ర్ దామ్ అనే పెద్ద పాత చర్చి 2019 ఏప్రిల్ 15న తగలబడినప్పుడు, లోపల పడిన బొగ్గు దూలాలను కూడా చెత్తగా పారెయ్యలేదు. ఏ ముక్క ఎక్కడ దొరికిందో రాసుకుంటూ ఏరారు. రాళ్లను ఒకదానికొకటి పట్టి ఉంచే ఇనుప బద్దెలను 1160ల నాటి నుంచే అక్కడ వాడారన్న సంగతి ఆ మంటల తర్వాతే తేలింది. మాది అంత పెద్ద కట్టడం కాదు, నూట యాభై ఏళ్లు దాటిన చిన్న రాతి చర్చి. అయినా పద్ధతి ఒకటే కదా అని వాదించాను. ఫాదర్ గారు నా వైపు మాట్లాడారు కాబట్టి ప్రొక్లెయిన్ వెనక్కి వెళ్లింది. కొందరు ఇంకా నాతో మాట్లాడటం లేదు.

సాయంత్రం వరకు ఫొటోలు. ప్రతి ఫొటోలో ఒక కొలబద్ద ఉండేలా చూశాను. చివర్లో రాళ్ల సందులోంచి గంట అంచు కనిపించింది. పగిలిందో లేదో తెలియదు.

4వ రోజు

ఇంజనీరు గారు వచ్చారు. మిగిలిన గోడ ఎత్తుకి ఒకటిన్నర రెట్ల దూరంలో కంచె వేయించి, ఆ లోపలికి హెల్మెట్ లేకుండా, ఆయన అనుమతి లేకుండా ఎవరూ పోకూడదన్నారు. వేలాడే ట్రస్సు కింద జాకీలు పెట్టాం. పగుళ్ల మీద సన్నటి గాజు ముక్కలను అడ్డంగా అతికించి తేదీ రాశాం. గోడ ఇంకా కదులుతుంటే గాజు పటుక్కున విరుగుతుంది. పగులును కొలిచే ఖరీదైన గేజీలు కూడా ఉన్నాయి గానీ, ఇది ఇరవై అడుగుల దూరం నుంచి కూడా కంటికి తెలుస్తుంది.

టార్పాలిన్ కప్పే బాధ్యత నేను తీసుకున్నాను. గాలి దూరకుండా నాలుగు వైపులా బిగించి కట్టి, చాలా గర్వపడ్డాను.

9వ రోజు

గర్వం దిగింది. టార్పాలిన్ మధ్యలో నీళ్లు నిలిచి, పొట్ట ఉబ్బి, రాత్రి చిరిగి, ఆ నీళ్లన్నీ ఒకేసారి బలిపీఠం ముందు గచ్చు మీద పడ్డాయి. అది ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. గాలి ఆడకపోవడంతో లోపల ఆవిరి పట్టి, ఐదు రోజుల్లో పాటల పుస్తకాల బీరువా వెనక గోడకి బూజు వచ్చింది. తడిసిన కట్టడాన్ని ఊపిరాడకుండా మూసేస్తే వాన కంటే ఎక్కువ చెడుతుందని ఇంజనీరు గారు మెల్లగా చెప్పారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు పరంజా కట్టి, దాని మీద వాలుగా రేకులు వేస్తున్నాం. పక్కలు తెరిచే ఉంటాయి.

3వ వారం

రాళ్లు ఏరడం. పక్కనున్న ఖాళీ స్థలంలో ముక్కోణపు గోడ బొమ్మను అసలు కొలతల్లో నేల మీద సున్నంతో గీశాం. లోపల పడిన ప్రతి చెక్కుడు రాయినీ తెచ్చి, అది ఉండాల్సిన చోటు దొరికితే అక్కడ, దొరక్కపోతే పక్కన వరసలో పెడుతున్నాం. నంబరు రాయి ముఖం మీద రాయకూడదు, మళ్లీ కట్టాక కనిపించని వైపు రాయాలి. ఈ ముక్క నాకు 40 రాళ్ల తర్వాత తెలిసింది. బ్రష్షుతో రుద్దుతూనే ఉన్నాం, ఇంకా పోలేదు.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ గోడ ఎలా ఉండేదో ఎవరికీ కచ్చితంగా గుర్తు లేదు. ప్రతి ఆదివారం దాని కిందుగా నడిచినవాళ్లమే. గంట గూడు పక్కన రెండు చిన్న రంధ్రాలు ఉండేవా, మూడా? నలుగురిని అడిగితే ఐదు జవాబులు. దాంతో ఇంటింటికీ తిరిగి పెళ్లి ఫొటోలు అడిగాను. కొత్త దంపతులు చర్చి మెట్ల మీద నిలబడి తీయించుకున్న ఫొటోల్లో, వాళ్ల తలల వెనక, మా గోడ! అరవై ఏళ్లలో 31 ఫొటోలు దొరికాయి. పెళ్లికూతుళ్ల ముఖాలు ఒక్కటీ నాకు గుర్తు లేవు గానీ ప్రతి ఫొటోలో కుడి భుజం మీద ఏ రాయి ఉందో చెప్పగలను. రంధ్రాలు రెండే.

నోత్ర్ దామ్‌కి ఇలాంటి అదృష్టమే ఇంకా పెద్దగా పట్టింది. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు ఆ కట్టడాన్ని మంటలకు దాదాపు పదేళ్ల ముందే లేజర్‌తో అంగుళం వదలకుండా కొలిచి పెట్టాడు. ఆయన 2018లో చనిపోయాడు, ఆ పని ఎంత అవసరపడిందో చూడలేదు.

గోడ కొన మీద రాతి సిలువ మాత్రం చిక్కుముడి. అది ఏ ఫొటోలోనూ పూర్తిగా లేదు, పైన కత్తిరించేసి ఉంది. దొరికింది కింది పిడి, ఒక చెయ్యి. కమిటీలో ఒకాయన పువ్వు చెక్కడాలున్న సిలువ బొమ్మ తెచ్చారు, చాలా అందంగా ఉంది. కానీ పాత కట్టడాల పరిరక్షణకు నియమాలు రాసిన 1964 వెనిస్ చార్టర్ ఒక గీత గీసింది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి. దొరికిన ఒక చేతిని కొలిచి, రెండో చేతిని దానికి సమానంగా, ఏ చెక్కడమూ లేకుండా చేయిద్దామని నా ప్రతిపాదన. ఓటింగ్‌లో ఒక్క ఓటుతో నెగ్గింది.

5వ వారం

ఎందుకు పడిందో తెలిసింది. గాలి వల్ల కాదు. గాలి చివరి తోపు మాత్రమే.

మిగిలిన గోడ అంచు మీద నిలబడి పైనుంచి చూస్తే, రెండడుగుల మందం గోడ నిలువుగా కోసినట్టు కనిపిస్తుంది. బయటి రాళ్ల మధ్య దర్జులు, అంటే అతుకు సందులు, బూడిదరంగు సిమెంటుతో నున్నగా, గట్టిగా ఉన్నాయి. వేలితో లోపలికి పొడిస్తే రెండంగుళాల తర్వాత పాత సున్నం తడి పిండిలా రాలింది. కొన్నిచోట్ల చెయ్యి మణికట్టు వరకు దూరింది.

ఇది ఇలా జరుగుతుంది. సున్నంతో కట్టిన గోడలోకి వాన కొంత చొచ్చుకుపోతుంది, ఎండ రాగానే దర్జుల గుండా మళ్లీ ఆవిరై బయటికి పోతుంది. గోడకి ఊపిరితిత్తులు దర్జులే. వాటిని సిమెంటుతో మూస్తే, సిమెంటుకీ రాయికీ మధ్య పడే వెంట్రుకంత చీలికలోంచి నీళ్లు లోపలికి పోతూనే ఉంటాయి. బయటికి వచ్చే దారి మాత్రం ఉండదు. ఇక రాయిలోంచే బయటికి రావాలి. వస్తూ ఉప్పును మోసుకొస్తుంది, రాయి ముఖం పొరలుగా ఊడుతుంది. లోపల సున్నం ఏళ్ల తరబడి నానుతూ పట్టు వదిలేస్తుంది. పైగా గోడ సహజంగా కొద్దిగా కదులుతుంది. సున్నం దానికి లొంగుతుంది, సిమెంటు లొంగదు. తాను పగలదు, పక్కనున్న రాతి అంచును పగలగొడుతుంది.

దీనికి తోడు గంటను పట్టి ఉంచే రెండు ఇనుప కమ్మీలు గోడలో పాతి ఉన్నాయి. తడికి తుప్పు పట్టాయి. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కింద ఉన్న రాయిని మేకు కొట్టినట్టు రెండుగా చీల్చింది. పగులు లోపల ముఖం పాతబడి నల్లగా ఉంది. అంటే ఎన్నో ఏళ్ల క్రితపు చీలిక. మేమంతా దాని కిందే నిలబడి ఫొటోలు దిగాం.

పోర్ట్‌లాండ్ సిమెంటుకి ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంట్ తీసుకున్నది 1824లో. అంతకుముందు వేల ఏళ్లు కట్టిన రాతి గోడలకు అది కొత్త చుట్టం. దానికి పనికొచ్చే చోట్లు చాలా ఉన్నాయి. ఇది కాదు.

రికార్డు కోసం పాత కమిటీ పుస్తకాలు తిరగేశాను. చర్చికి సిమెంటు పాయింటింగ్ చేయించాలన్న, అంటే దర్జులను సిమెంటుతో నింపించాలన్న తీర్మానం దొరికింది. "మన మందిరము చిరకాలము నిలుచుటకై" అని రాసి ఉంది. కింద ఆరు సంతకాలు. మూడోది మా నాన్నది.

ఇంట్లో ఇంకా చెప్పలేదు.

6వ వారం

పాత సున్నంలో ఏముందో చూడాలి. ఒక గట్టి ముక్కను తూకం వేసి, పలుచన చేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేశాం. కళ్లద్దాలు, తొడుగులు పెట్టుకుని, బయట గాలిలో. సున్నం బుసబుసా నురగలు కక్కి కరిగిపోయింది, అడుగున ఇసుక మిగిలింది. కడిగి ఆరబెట్టి జల్లించాం. బియ్యపు గింజంత నుంచి పిండి వరకు అన్ని సైజులూ ఉన్నాయి, పసుపు డాలు, గరుకు అంచులు. గవ్వల ముక్కలు గానీ సున్నపురాయి రవ్వ గానీ కలిసిన ఇసుక అయితే అవి కూడా కరిగిపోయి లెక్క తప్పుతుంది. మా దాంట్లో భూతద్దంతో ముందే చూశాం, లేవు.

ఇసుక ఎంపికే రంగును నిర్ణయిస్తుంది, సున్నం కాదు. మూడు చోట్ల నుంచి ఇసుక తెప్పించి గోడ వెనక మూలలో ఆరు చిన్న నమూనాలు పూశాం. ఆరాక చూడాలి, తడి మీద అన్నీ ఒకేలా ఉంటాయి.

సున్నం ఎంత, ఇసుక ఎంత అన్నదానికి మేస్త్రి గారు ఒక పద్ధతి చూపించారు. గ్లాసు నిండా పొడి ఇసుక పోసి, అంచు వరకు నిండేదాకా నీళ్లు పొయ్యండి. ఎన్ని నీళ్లు పట్టాయో ఇసుక రేణువుల మధ్య అంత ఖాళీ ఉందన్నమాట. ఆ ఖాళీ నిండేంత సున్నం కావాలి. మాకు మూడో వంతు పట్టింది. ఒకటికి మూడు అన్న పాత లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నాళ్లకి అర్థమైంది.

లోపలి గోడకి మామూలు సున్నపు ముద్ద. పైన గాలీవానా నేరుగా తగిలే భాగానికి ఎన్‌హెచ్‌ఎల్ 3.5 అనే రకం. ఇది సహజంగానే మట్టి కలిసిన సున్నపురాయిని కాల్చి చేసేది, గాలి అందకపోయినా నీటితో కొంత గట్టిపడుతుంది. 3.5 అన్నది 28 రోజులకి అది కనీసం తట్టుకోవాల్సిన ఒత్తిడి, చదరపు మిల్లీమీటరుకి న్యూటన్లలో. జాన్ స్మీటన్ 1756లో ఎడ్డీస్టోన్ లైట్‌హౌస్ కోసం రకరకాల సున్నాలను పరీక్షించి, మట్టి అంశం ఉన్న రాయి నుంచి వచ్చినదే నీటిలో గట్టిపడుతుందని పట్టుకున్నాడు. ఎన్‌హెచ్‌ఎల్ 5 ఇంకా గట్టిది కదా, అదే వేద్దామని ఒక సలహా వచ్చింది. ఇన్ని వారాలు గోడ చూశాక కూడా!

8వ వారం

సిమెంటు తీయడం. సన్న ఉలి, చిన్న సుత్తి. ముందు దర్జు నడిమధ్యన కొట్టాలి, తర్వాత ఖాళీ అయిన నడుము వైపుకి అంచులను విరవాలి. రాయి వైపుకి ఎప్పుడూ కొట్టకూడదు. మనిషికి రోజుకు ఒక గజం చదరం కూడా సాగట్లేదు.

మంగళవారం మేస్త్రి గారు లేని సమయంలో గ్రైండర్ పట్టాను. అరగంటలో మూడు రోజుల పని అయిపోయింది. అప్పుడు చెయ్యి ఒక్క క్షణం జారింది. కిటికీ పక్కన చెక్కుడు రాయి మీద జానెడు గీత, తిన్నగా, లోతుగా. నూట యాభై ఏళ్ల క్రితం ఎవరో ఉలితో వాలుగా చెక్కిన గుర్తుల మీదుగా అడ్డంగా పోయింది. మేస్త్రి గారు వచ్చి చూసి, గ్రైండర్ వైరు చుట్టి, తన సంచిలో పెట్టుకున్నారు. "రేపట్నుంచి ఇది నా దగ్గరే ఉంటుందమ్మా" అన్నారు. అంతే.

ఆ గీతను పూడ్చొద్దని నేనే అడిగాను.

10వ వారం

వాన. పని లేదు. గాజు ముక్కలు ఒక్కటీ విరగలేదు.

11వ వారం

గంట గోడ మిగిలిన మూలలో గుడ్లగూబ పిల్లలు. మూడు, తెల్ల దూదిలా. ఎగిరేదాకా దాదాపు రెండు నెలలు పడుతుందట. ఆ మూల వదిలేసి పని మిగతా వైపుకి మార్చాం. ప్రణాళిక పట్టిక మళ్లీ రాయాలి, ఇది నాలుగోసారి. ఫాదర్ గారు మాత్రం రోజూ సాయంత్రం బైనాక్యులర్స్‌తో వస్తున్నారు.

14వ వారం

చెక్క పని. ఈ వారం అంతా పండగలా ఉంది.

కిందికి దింపిన ట్రస్సులను కడిగితే, ప్రతి కీలు దగ్గరా ఉలితో గీసిన గీతలు బయటపడ్డాయి. వడ్రంగి లెక్కలు, రోమన్ అంకెల్లా. నాలుగుకి నాలుగు నిలువు గీతలే ఉన్నాయి, ఐదులోంచి ఒకటి తీసే పద్ధతి (IV) లేదు. తలకిందులుగా పడి ఉన్న దూలం మీద ఆ రకం అంకెలు నాలుగో ఆరో తెలియదు కదా, అందుకని అలా గీసేవారట. ఎడమ వైపు ముక్కలకి గీత చివర చిన్న తోక ఉంది, కుడి వాటికి లేదు. అంటే మొత్తం చట్రాన్ని నేల మీద పేర్చి, బిగించి, గుర్తులు పెట్టి, మళ్లీ విప్పి పైకి ఎక్కించారు. మేం ముక్కోణపు గోడను నేల మీద గీసి మహా తెలివైన పని చేశామనుకున్నాం. వాళ్లు ముందే చేశారు.

విరిగిన రెండింటిలో ఒకటి గోడ పడి విరిగింది. రెండోది అప్పటికే చచ్చి ఉంది. గోడలోకి దూరిన కొన మూడడుగుల మేర పుచ్చిపోయింది. సుత్తి పిడితో కొడితే మంచి చెక్క ఖంగుమంటుంది, పుచ్చిన చోట అట్ట పెట్టెను కొట్టినట్టు మొద్దుగా మోగుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే పుచ్చు పట్టే బూజు బతకదు. మా దూలం కొనలో మీటరు 34 చూపించింది. కారణం మళ్లీ అదే తడి గోడ.

పూర్తిగా మార్చేస్తే సులువు. వడ్రంగి ఒప్పుకోలేదు. "మంచి చెక్క ఇరవై అడుగులుంది, మూడడుగుల కోసం దాన్ని పొయ్యిలో పెడతారా?" అన్నాడు. పుచ్చిన భాగం కోసేసి, పాత దూలానికీ కొత్త ముక్కకీ పొడవాటి వాలు కోత పెట్టి, కొక్కెంలా ఒకదానిలో ఒకటి దిగేలా చెక్కి, చెక్క మేకులతో బిగించాడు. కోత పొడవు దూలం లోతుకి నాలుగు రెట్ల పైనే. రెండు రోజులు పట్టింది. ముక్క దిగేటప్పుడు వచ్చిన ఆ చప్పుడు ఉంది చూడండి, అది వినడానికి మధ్యాహ్నం అన్నం మానేసి కూర్చున్నాను. కొత్త ముక్క పక్కన ఈ సంవత్సరం అంకెను చిన్నగా చెక్కాడు, తర్వాతివాళ్లు తికమక పడకుండా.

దూలాల కొనలు ఈసారి గోడలో పూడ్చం. చుట్టూ వేలెడు ఖాళీ, గాలికి.

17వ వారం

గోడ కట్టడం మొదలైంది. మొదటి మూడు వరసలు పాడుచేశాం.

సున్నం గట్టిపడటమంటే ఆరిపోవడం అని మనసులో ఎక్కడో ఉంది నాకు. కాదు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల్లో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది. 100 కిలోల స్వచ్ఛమైన రాయికి 56 కిలోలే మిగులుతుంది. దానికి నీళ్లు తగిలితే సలసలా ఉడికి ముద్ద అవుతుంది. ఆ ముద్ద గోడలోకి వెళ్లాక గాలిలోంచి పోయిన వాయువునే తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. ఇది జరగాలంటే కొంచెం తడి ఉండాలి. మేం వరసలు వేసిన రెండు రోజులూ పొడిగాలి వీచింది. తడి ఒక్క పూటలో ఎగిరిపోయింది. వారం తర్వాత గోరుతో గీకితే సున్నం కాదు, ఇసుక రాలింది.

విప్పేశాం. మూడు వరసలూ. రాళ్లు కడిగి మళ్లీ పేర్చేసరికి అందరి నడుములూ పోయాయి. ఈసారి రాళ్లను ముందు తడిపి, రోజుకు మోకాలెత్తు మించకుండా కట్టి, సాయంత్రం తడి గోనెపట్టాలు వేలాడదీసి, వాటి మీద ప్లాస్టిక్ కప్పుతున్నాం. గోనె గోడకి ఆనకూడదు, రెండంగుళాలు ఎడం ఉండాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తడపాలి. రాత్రి వంతు నాది. టార్చిలైటు పట్టుకుని గోడకి నీళ్లు చల్లే మనిషిని చూసి కుక్కలు కూడా అలవాటు పడిపోయాయి.

ప్రతి మూడడుగులకి ఒక పొడవాటి రాయి గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోవాలి. పాత గోడలో ఇవి అక్కడక్కడే ఉన్నాయి, పైభాగంలో అసలు లేవు. కట్టినవాళ్లు కూడా పై అంతస్తుకి వచ్చేసరికి తొందరపడ్డారేమో. పూర్వీకులు అన్నీ సరిగ్గా చేశారనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే.

21వ వారం

గంట. రాళ్ల కింద నుంచి తీసిన రోజే అంచు మీద చిన్న పెచ్చు ఎగిరినట్టు చూశాం, మోగించే ధైర్యం ఎవరికీ రాలేదు. ఇవాళ నిపుణుడు వచ్చి, మెత్తటి పట్టీతో వేలాడదీసి, చెక్క సుత్తితో తట్టాడు. నిలబడ్డవాళ్లందరం ఊపిరి బిగబట్టాం, అంత టెన్షన్. గణగణా కాసేపు సాగింది. పగులు ఉంటే గొంతు బొంగురుపోయి వెంటనే ఆగిపోతుందట.

గంట కంచు అంటే సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. తగరం అంత ఎక్కువ ఉండటం వల్లే ఆ నాదం, అందువల్లే గాజులా పెళుసు కూడా. మామూలు వెల్డింగ్ తగిలిస్తే వేడికి ఇంకా చీలుతుంది. మాది బతికిపోయింది. అయితే నాలుక ఒకే చోట కొట్టీ కొట్టీ లోపల గుంటపడింది. వేలాడదీసేటప్పుడు పావు వంతు తిప్పితే చాలు, ఇంకో వందేళ్లు కొత్త చోట తగులుతుంది. పాత ఇనుప కమ్మీల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్.

26వ వారం

పైకప్పు అయింది. పాత పెంకుల్లో పనికొచ్చినవన్నీ ముందు వాలుకి, కొత్తవి వెనక వాలుకి. కలిపి వేస్తే మచ్చలు మచ్చలుగా ఉంటుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1945 ఫిబ్రవరి 15న కూలిన ఫ్రావెన్‌కిర్షె చర్చిని 2005లో తిరిగి ప్రార్థనకు తెరిచారు. అక్కడ నల్లబడిన పాత రాళ్లు కొత్త తెల్ల రాళ్ల మధ్య చుక్కల్లా కనిపిస్తూనే ఉంటాయి. వాళ్లు దాన్ని దాచలేదు. మా పెంకుల విషయంలో నేను దాచాను. ఒప్పుకుంటున్నాను, వెనక వాలు ఎవరూ చూడరు.

30వ వారం

లోపల గోడల మీద ప్లాస్టిక్ పెయింట్ తీస్తున్నాం. ఊడదీస్తే కింద నీలం సున్నం, దాని కింద తెలుపు, దాని కింద, గుమ్మం ఎడమ పక్కన, సన్నటి ఎర్ర గీతలు. ముతక గోడ మీద చెక్కుడు రాళ్లు పేర్చినట్టు కనిపించాలని బ్రష్షుతో గీసిన దర్జులు. చెయ్యి వణికిన చోట కూడా తెలుస్తోంది. ఒక తలుపు వెడల్పున అలాగే వదిలేసి, మిగతాదానికి పల్చటి సున్నం పూత వేస్తాం.

ఎప్పుడు వేస్తామన్నదే గొడవ. కమిటీ ఒక ప్రారంభోత్సవం తేదీ అనుకుంది. గోడ ఆరడానికి నెలకు అంగుళం అని పాత లెక్క. రెండడుగుల గోడ రెండు వైపులా ఆరినా ఏడాది. ఇప్పుడే పూత వేస్తే ఆరు నెలల్లో ఉప్పు పొంగి రాలుతుంది. "ఒక్క కార్యక్రమం వరకు ఆగితే చాలు కదా" అన్నారొకరు. నేను జవాబు చెప్పకముందే మేస్త్రి గారు లేచి వెళ్లిపోయారు. తేదీ మార్చలేదు. పూత లేకుండానే ప్రారంభిస్తున్నాం, గోడలు చినుగుల దుప్పటిలా ఉంటాయి.

33వ వారం

పరంజా దిగిపోయింది. నాన్నను తీసుకొచ్చాను. నడవడం కష్టం, కారులోంచి దిగి మెల్లగా పడమటి గోడ దాకా వచ్చారు. తీర్మానం పుస్తకం సంగతి నేను ఇంతవరకు ఎత్తలేదు. ఆయనే ఎత్తారు.

"ఆ సిమెంటు పని మేమే చేయించాం. తెలుసా?"

"తెలుసు నాన్నా."

"చందాలు ఎత్తి చేయించాం. అప్పట్లో ఎంత గట్టిగా ఉందో చూసి మురిసిపోయాం."

కాసేపు ఏమీ అనలేదు. కిటికీ పక్కన గ్రైండర్ గీత చూపించాను, నాదే అని చెప్పాను. కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా చూశారు. తర్వాత బొటనవేలి గోరు కొత్త దర్జులో నొక్కారు. గుర్తు పడింది.

"ఇంకా మెత్తగానే ఉందేమ్మా?"

"లోపలిదాకా గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది."

"నేను చూడనన్నమాట" అని నవ్వి, గోరులో ఇరుక్కున్న సున్నం చొక్కాకి తుడుచుకున్నారు.

రేపు చెయ్యాల్సినవి: ఉత్తరం వైపు చివరి వరస మీద గోనెలు మూడుసార్లు తడపాలి. గట్టర్లలో పడిన సున్నం ముక్కలు తియ్యాలి. మేస్త్రి గారి దగ్గర గ్రైండర్ అడగాలి, అది అద్దెకు తెచ్చింది, తిరిగి ఇచ్చెయ్యాలి.